ఇంటి దాకా గీసిన గీత

హలో... హలో, వినపడుతోందా? అందరూ బాగున్నారా? అన్నాలు తిన్నారా? తినకపోతే తినేసి రండి, కథ ఎక్కడికీ పోదు. తిన్నవాళ్లు ఫోను కాస్త దగ్గరగా పెట్టుకుని, టీవీ సౌండు తగ్గించి చదవండి. ఇది మా కంభం చెరువు పక్కన జరిగిన కథ. సముద్రం కూడా ఉంది ఇందులో. మా మెట్టప్రాంతంలో సముద్రం ఏందని నవ్వొద్దు. అదే కదా అసలు సంగతి.

గిద్దలూరులో రైల్వే స్టేషన్ నుంచి బజారుకు వచ్చే దారిలో రంగనాయకులుకి ఒక రిపేరు దుకాణం ఉంది. టీవీలు, మిక్సీలు, బోరు మోటారు స్టార్టర్లు, ఏది తెచ్చినా విప్పుతాడు. పోయిన జనవరిలో ఒక మధ్యాహ్నం ఆయన స్టార్టరు విప్పుకుని కూర్చున్నాడు. ఒకాయన వచ్చి, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. నల్లగా ఎండిన మనిషి. కళ్లు చికిలించి చూసే అలవాటు.

"రంగనాయకులన్న అంటే మీరేనాండీ?"

"నేనే. ఏం చెడిపోయింది?"

"చెడిపోయిందో, బతికుందో మీరే చెప్పాలి. నా పేరు మోషే. చీరాల అవతల రేవు మాది. రైలెక్కి వచ్చాను." సంచీ సర్దుకుని, "మీ తమ్ముడు ఫణికుమార్, నేనూ ఒకే గిన్నెలో తిన్నోళ్లం" అన్నాడు.

రంగనాయకులు స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టేశాడు.

మోషే సంచీలోంచి ఒక పొట్లం తీశాడు. పాచిపట్టిన ప్లాస్టిక్ కవరు, దాని లోపల ఇంకో కవరు. మూతి దగ్గర సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కతో మూడు చుట్లు చుట్టి, కొస వెనక్కి మడిచి దూర్చి ఉంది. ఆ ముడి ఎవరిదో రంగనాయకులుకి చూడగానే తెలిసింది. చిన్నప్పుడు పెన్సిల్ డబ్బాకు, పెద్దయ్యాక టిఫిన్ బాక్సుకు ఫణి వేసే ముడి అదే. ఎంత చెప్పినా ఆ మడత మానేవాడు కాదు.

"యాడ దొరికింది?"

"వలలో పడిందన్నా. మా రేవు మొగకి దక్షిణంగా పెద్ద ఇసుక మేట ఉంటది, దాని పక్కన. దీంతోపాటు ఫైబరు ముక్కొకటి వచ్చింది, నీలం రంగుది. ఆ బోటుదే. ఓనరుకి కూడా చూపించాను. చూసి, నోరెత్తలేదు."

మొగ అంటే తెలుసు కదా, వాగు వెళ్లి సముద్రంలో కలిసే నోరు. బోట్లన్నీ రేవులోకి ఆ నోట్లోంచే రావాలి.

ఇక్కడ ఫణి సంగతి చెప్పాలి మీకు. అన్న దగ్గర పని నేర్చుకున్నాడు గానీ మిక్సీలు వాడికి ఆనలేదు. రేవుకు పోయి బోట్లకు సెట్లు బిగించే పనిలో చేరాడు. దారి చూపించే జీపీఎస్ సెట్టు, నీళ్ల లోతు చెప్పే సెట్టు, చేపల గుంపును తెర మీద చుక్కలుగా చూపించే సెట్టు. పొలంలో పుట్టిన పిల్లోడు, ఈత కూడా చెరువులో నేర్చుకున్నదే, సముద్రం మీద బతకడం మొదలుపెట్టాడు. రెండు చలికాలాల కిందట, కొత్తగా బిగించిన సెట్టు పనిచేస్తుందో లేదో చూసొస్తానని ఒక సాయంత్రం ఒక్కడే చిన్న బోటు తీసుకుపోయాడు. ఆ రోజు సముద్రం మీద మంచు దిగింది. మనిషి తిరిగి రాలేదు. బోటూ తిరిగి రాలేదు.

మనిషి చచ్చిపోయాడని చెప్పడానికి శవం లేదు. బోటు మునిగిందని చెప్పడానికి ముక్క లేదు. బోటు ఓనరు మాత్రం నా బోటు తీసుకుని మద్రాసు వైపు పోయి అమ్ముకున్నాడన్నాడు.

ఏడాది చూశారు. ఆ తర్వాత పెద్దలు కూర్చుని, దర్భలతో బొమ్మ చేసి, దాన్నే వాడనుకుని దహనం చేసి, మూడో రోజు చెరువు కట్ట మీద పిట్టకు పెట్టారు. మనకు తెలిసిన పద్ధతే. పోయినవాడికి ఇష్టమైనవి వండి ఆకులో పెట్టి దూరం జరిగితే కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే వాడి మనసులో ఏదో ఉండిపోయినట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, ఫలానాది చేస్తాంలే, ఫలానాది చూసుకుంటాంలే అని గట్టిగా చెప్పాలి. ఆ రోజు తుమ్మచెట్టు నిండా కాకులే. ఫణి తల్లి రోశమ్మ, "నీ పెండ్లాన్ని నా కూతురు లెక్క చూసుకుంటాను నాయనా, తిను" అంది. రంగనాయకులు ఏదో అన్నాడు. మేనమామ ఏదో అన్నాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఒక్క కాకి దిగలేదు.

కట్ట దిగుతుంటే వెనక ఎవరో అన్నారు: "బతికున్నోడికి పెడితే కాకి యాడ ముడతాది?"

అంతే. ఆ మాట ఊరంతా పాకింది. ఫణికుమార్ బతికే ఉన్నాడు, ఎక్కడో ఇంకో సంసారం పెట్టుకున్నాడు. దర్శి సంతలో ఒకాయన చూశానని కూడా చెప్పాడు. గడ్డం పెంచాడంట.

ఫణి భార్య పద్మజ అత్త దగ్గరే ఉండి జాకెట్లు కుట్టుకుంటూ ఉంది. ఆ పిల్ల ఆ మాటలు విని ఏడవలేదు, పోట్లాడలేదు. ఒకరోజు రంగనాయకులు బియ్యం బస్తా దించడానికి పోతే, మిషను ఆపి, తల ఎత్తకుండా చెప్పింది.

"బావా, ఆ పొద్దు నేను కూడా ముందుకొచ్చి ఒక మాట చెప్పాల్సింది. అంతమందిలో నోరు రాలేదు."

"ఏం మాట?"

"ఆయన ఆఖరుసారి ఇంటి నుంచి పోయేటప్పుడు గొడవ పడినాం. ఆ సముద్రం వద్దు, గిద్దలూర్లో మీ అన్న పక్కన కూసో అన్నా. వినలేదు. కోపంలో, అయితే ఆడనే ఉండు, మళ్లా ఈ ఇంటికి రావాకు అన్నా. ఆయన చెప్పులేసుకుని పోయినాడు." దారం పళ్లతో తెంపింది. "నాకు బతికుండాడా లేడా అనేది కూడా వద్దు బావా. ఆ పొద్దు ఇటు వస్తా ఉన్నాడా, అటు పోతా ఉన్నాడా? అదొక్కటి తెలిస్తే సాలు నాకు."

ఆ ప్రశ్న రంగనాయకులు మెదడులో ఏడాదిగా తిరుగుతూనే ఉంది. ఇప్పుడు దాని జవాబు సైకిల్ ట్యూబు ముడి వేసుకుని బల్ల మీద కూర్చుంది.

ముడి కొయ్యలేదు. గోటితో మడత లాగి విప్పాడు. లోపల అరచేతిలో పట్టే సెట్టు. ఫణి సొంతది, బోట్లది కాదు. సెల్లులు పొంగి పచ్చగా కారిపోయి ఉన్నాయి గానీ లోపలికి నీళ్లు పోలేదు. బ్రష్షుతో, పెట్రోలుతో తుడిచి, వైర్లు గీకి, కొత్త పెన్సిల్ సెల్లులు వేసి మీట నొక్కాడు.

కాసేపు ఏమీ లేదు. మోషే చేతులు కట్టుకుని పెదవులు కదిలిస్తున్నాడు, ప్రార్థన కావచ్చు. తర్వాత తెర వెలిగింది. మార్కాపురం పలక పగిలితే మిగిలిన ముక్కంత తెర. అందులో ఒక బాణం గుర్తు పుట్టి, అటూ ఇటూ ఊగి, దుకాణం గోడ వైపు తిరిగి నిలబడింది.

రంగనాయకులు గోడ వైపు చూశాడు. ఆ గోడ అవతల బజారు, బజారు అవతల రోడ్డు, రోడ్డు వెంట పోతే కంభం.

బాణం కింద ఇంగ్లీషు అక్షరాల్లో పేరు రాసి ఉంది. ఇల్లు.

"ఇదేంటన్నా, మంచంలోంచి లేచిన రోగిలాగ, లేవగానే ఇంటికి దారి అడుగుతుంది?" అన్నాడు మోషే. నవ్వుదామనుకున్నాడు, నవ్వు రాలేదు.

రంగనాయకులుకి ఆ గుర్తు తెలుసు. ఫణి ఈ సెట్టు కొన్న కొత్తలో ఊరికి తెచ్చాడు. అప్పుడు కూడా చలికాలమే. తల మీద రెండు నల్ల చారలుండే బాతులు హిమాలయాలు దాటి మన చెరువుకు వస్తాయే, ఆ బాతులు ఇంటి మీదుగా అరుచుకుంటూ పోతున్నాయి. పద్మజ గడప మీద నిలబడి, "వాటికి కూడా ఇట్లాంటి సెట్టుందా?" అని అడిగింది. "వాటికి తలలోనే ఉండాది. పగలు సూర్యుణ్ణి చూస్తాయి, రాత్రి చుక్కల్ని చూస్తాయి, భూమిలో అయస్కాంతం లాగేది కూడా వాటికి తెలుస్తాదంట. సెల్లులు మార్చే పన్లేదు" అన్నాడు ఫణి. సెట్టు ఆమె చేతిలో పెట్టాడు. "ఈడ నొక్కు. పేరు కొట్టు. ఇంక సముద్రంలో నేను యాడున్నా సరే, నువ్వు ఏ దిక్కున ఉండావో ఇది చూపిస్తానే ఉంటాది." పద్మజ నొక్కింది. ఒక్కో అక్షరం వెతుక్కుని పేరు కొట్టింది. రోశమ్మ వాకిలి ఊడుస్తూ, "నా చేత కూడా ఒక నొక్కుడు నొక్కించరా, నేనూ ఈ ఇంట్లోనే ఉండా గదా" అంటే అందరూ నవ్వారు.

రంగనాయకులు మీటలు నొక్కుకుంటూ పాత గీతలు తెరిచాడు. ఆ సెట్టు తను పోయిన దారినంతా గీతగా గీసుకుని దాచుకుంటుంది. చివరి గీత సముద్రంలో ఉంది. రేవు నుంచి బయటికి పోయింది, మెలికలు తిరిగింది. అక్కడ చాలాసేపు ఒకేచోట ముద్దగా చుట్టుకుంది. ఆ తర్వాత పడమరకు తిరిగింది. తిరిగి, స్కేలు పెట్టి గీసినట్టు సూటిగా వచ్చింది. వచ్చి, ఒడ్డు చేరకుండానే ఆగిపోయింది.

మోషే తెర మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"ముద్దగా చుట్టుకుందే, అక్కడ మంచు కమ్మేసింది. ఏం కనపడక గుండ్రంగా తిరిగాడు. బోటుకి బిగించిన సెట్టు కొత్తది, అందులో ఇంకా ఏ గుర్తూ పెట్టలేదు. అందుకని జేబులోంచి ఇది తీసి, కవరు మీదుగానే మీట నొక్కాడు." మోషే వేలు గీత కొసకు వచ్చి ఆగింది. "అయ్యో. మేట మీదికి తోలేశాడన్నా. మొగ ఇక్కడుంటే ఇక్కడికి ఎందుకొచ్చాడు? చలికాలం ఆ మేట మీద అల విరుగుద్ది. పెద్ద బోటుని కూడా తిరగేస్తది."

"మీరైతే ఎట్ల వస్తారు?"

"మంచులోనా? మా సెట్టులో మొదటి గుర్తు మొగే. ఇల్లు కాదు. సెట్టు చెడితే పిట్టలు. సాయంకాలం పిట్టలు మేత ముగించుకుని గూళ్లకి పోతాయి కదా, మొగ మీదుగానే పోతాయి. వాటి అరుపు వెనకే పోవడం. ఈ ఇల్లంటే..." మోషే తలెత్తాడు. "ఇల్లంటే మీ ఇల్లా? ఇక్కడి ఇల్లా?"

రంగనాయకులు తెర మీద పటాన్ని చిన్నది చేస్తూ పోయాడు. ఒడ్డు వచ్చింది, ఊళ్లు వచ్చాయి, కంభం చెరువు నీలంగా వచ్చింది. సముద్రంలో మంచు కమ్మిన చోటు నుంచి చెరువు పక్కన ఇంటి దాకా, సెట్టు చుక్కలు చుక్కలుగా ఒక దారి వేసి పెట్టింది. ఇంటికి పద అని నొక్కితే అది చేసే పని అంతే. ఇక్కడి నుంచి అక్కడికి సూటిగా గీత కొడుతుంది. మధ్యలో ఇసుకుందా, కొండుందా, చెట్టుందా, దానికి అక్కర్లేదు. ఫణి గీత ఆ చుక్కల మీదే కూర్చుని ఉంది, ఎక్కడా వెంట్రుకంత కూడా పక్కకు పోకుండా.

బాతులు కూడా అట్లా రావు. కొండలు అడ్డం వస్తే లోయ వెతుక్కుని చుట్టి వస్తాయి. చిన్నవి పెద్దవాటి వెంట వచ్చి నేర్చుకుంటాయి. మన మెట్ట పిల్లోడికి ముందు ఎగిరేవాళ్లు ఎవరూ లేరు. వాడి మటుకు ఇల్లంటే ఇల్లే.

"మొగ పెట్టుకోమని నేను చెప్పలేదన్నా" అన్నాడు మోషే మెల్లగా. "మాకది చెప్పాల్సిన సంగతని ఎవరికీ తోచదు."

అప్పుడు ఫోను మోగింది. పద్మజ. మోషే ముందు ఊరికి ఫోను చేసి దుకాణం ఎక్కడని అడిగాడంట.

"బావా, సెట్టు దొరికిందంట గదా. వెలిగిందా?"

"వెలిగింది."

"ఏం చూపిస్తా ఉంది?"

"తెస్తా ఉండాను పద్మా. సాయంత్రానికి వస్తా."

ఫోను పెట్టేసి రంగనాయకులు సెట్టు వైపు చూస్తూ కూర్చున్నాడు. జవాబు దొరికింది. ఇటే వస్తున్నాడు. ఆ పిల్ల రావద్దన్నా వస్తున్నాడు. ఏడాదిగా ఆ పిల్ల వినాలనుకున్న మాట అదే. కానీ ఆ గీత చూపిస్తే, ఎందుకు మేట మీదికి పోయాడు అని అడగదా? అడిగితే గుర్తు పేరు చెప్పాలి. ఆ గుర్తు పెట్టిన వేలు ఆమెదే.

గుర్తు చెరిపేస్తే సరిపోతుంది. గీత ఉంటుంది, పేరు ఉండదు. మంచులో దారి తప్పాడమ్మా అంటే నమ్ముతుంది. మోషే వైపు చూశాడు. మోషే వీధిలోకి చూస్తున్నాడు.

రంగనాయకులు చెరిపే మీట నొక్కాడు. సెట్టు ఒప్పుకోలేదు. ఈ గుర్తు ఇప్పుడు వాడుకలో ఉంది, ముందు ప్రయాణం ఆపండి అని చూపించింది.

ఆయనకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఫణి ఇంటికి పద అని నొక్కాడు. ఆపమని ఎవరూ నొక్కలేదు. రెండేళ్లు ఇసుకలో, ఉప్పులో, చీకట్లో పడున్నా ఆ సెట్టు లెక్కలో ఆ ప్రయాణం ఇంకా నడుస్తూనే ఉంది.

ప్రయాణం ఆపాలా? అవును, కాదు. రెండు మాటలు తెర మీద నిలబడ్డాయి. అవును మీద పెట్టిన వేలు దిగలేదు. వేలు తీసి లుంగీకి తుడుచుకున్నాడు.

"టీ చెప్పన్నా" అన్నాడు మోషే. "చెప్పి, రా, ఇద్దరం పోదాం. నేను కూడా వస్తాను."

టీ తాగి వచ్చేసరికి బల్ల మీద సెట్టు తనకు తానే కొత్త గీత గీస్తోంది. కదలకుండా పెట్టిన సెట్టు. బల్ల చుట్టూ రెండడుగులు ఇటు, మూడడుగులు అటు, గుండ్రంగా, తిరిగి వెనక్కి. పక్కన వేగం అంకె చీమ నడకంత చూపిస్తోంది. బల్ల వీధి వైపు తెరిచే ఉన్నా, పైన ఉపగ్రహాల నుంచి వచ్చే సిగ్నల్ నిలకడగా ఉండదు, అందువల్ల నిలబడ్డ సెట్టు కూడా నడుస్తున్నట్టు గీస్తుంది, ఇది రంగనాయకులుకి తెలుసు. తెలిసి కూడా, ఆ దుకాణంలో అప్పటిదాకా తను కూర్చున్న స్టూలు మీద కూర్చోలేకపోయాడు.

బండి మీద ఇద్దరూ బయల్దేరారు. సెట్టు రంగనాయకులు చొక్కా జేబులో పెట్టుకున్నాడు. గుండె మీద అది వెచ్చగా తగులుతోంది. కంభం రోడ్డెక్కాక ఒకచోట ఆగి చూశాడు. బాణం ముందుకు చూపిస్తోంది. మిగిలిన దూరం తగ్గుతోంది. ఎడమ పక్క నల్లమల మీద ఎండ ఎర్రబడుతోంది. ఇంకోచోట ఆగి చూశాడు. ఇంకా తగ్గింది.

"ఆపకన్నా" అన్నాడు వెనక నుంచి మోషే. "ఆపితే వాడికి ఆలస్యం."

చెరువు దగ్గరికి వచ్చేసరికి బాతుల గుంపు వాళ్ల తలల మీదుగా, రోడ్డు విడిచి, గట్టును చుట్టి నీళ్ల మీదికి దిగింది. జేబులో బాణం మాత్రం గట్టునూ తుమ్మచెట్లనూ లెక్కచేయకుండా ఇంటి వైపు సూటిగానే చూపించింది.

పద్మజ గడపలోనే నిలబడి ఉంది. రోశమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. రంగనాయకులు బండి దిగి, జేబులోంచి సెట్టు తీసి, వాకిట్లో రెండడుగులు వేశాడు.

సెట్టు కూసింది.

సన్నగా, ఆగి ఆగి, ఏదో పిట్టపిల్ల లాగ. రోశమ్మ అరుగు మీంచి లేచి నిలబడింది. పద్మజ ద్వారబంధం పట్టుకుంది.

"ఏందది? ఎందుకట్ల అరుస్తా ఉంది?"

మోషే చెప్పాడు. "చేరాల్సిన చోటు వస్తే అట్టా కూస్తదమ్మా. వచ్చేశాం అని."

"ఎవరు పెట్టినారు ఈడికి రమ్మని?"

"ఫణే పెట్టుకున్నాడు. ఆ రోజు. సముద్రంలో."

పద్మజ అడుగు ముందుకేసి సెట్టు అందుకుంది. కూత ఆమె చేతిలో కూడా కాసేపు కూసి ఆగింది. గీత తెరిచి చూపించాడు రంగనాయకులు. వేలితో చూపించాడు. ఇది రేవు. ఇది మంచు. ఇక్కడ తిరిగినాడు. ఇదిగో, ఇక్కడి నుంచి ఇటే.

"ఇటేనా?"

"ఇటే. పక్క చూపు కూడా చూడలేదు."

ఆమె ముఖం ఎట్లా మారిందో చెప్పడం నా వల్ల కాదు. రెండేళ్లుగా బిగబట్టిన ఊపిరి వదిలినట్టు భుజాలు దిగాయి. "చూడత్తా, ఇటే వస్తా ఉన్నాడంట" అంది. రోశమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

తర్వాత పద్మజ తెర మీదికి మళ్లీ వంగింది. రంగనాయకులు దేనికి భయపడ్డాడో అది వచ్చింది.

"ఇంత సక్కగా వస్తే, ఆడ ఎందుకు ఆగిపోయినాడు?"

మోషే ఆయన వైపు చూశాడు. అబద్ధం దుకాణంలోనే తయారైంది, నోట్లో పెట్టుకునే తెచ్చాడు. ఆ పిల్ల ముఖం చూసి మింగేశాడు.

"మధ్యలో ఇసుక మేట ఉండాది పద్మా. సెట్టుకు తెలీదు. అది దిక్కు చూపిస్తాది, దోవ చూపీదు. రేవోళ్లు మొగ దగ్గర గుర్తు పెట్టుకుంటారు. వాడు..."

"ఇల్లు పెట్టుకున్నాడు" అంది పద్మజ. "నేను పెట్టినా."

చెరువు మీద బాతులు గోల గోలగా అరుచుకుంటున్నాయి.

"నువ్వు పెట్టకపోయుంటే మంచులో తూర్పుకే పోయేవాడమ్మా" అన్నాడు మోషే. "మాకు ముక్క కూడా దొరికేది కాదు." అది నిజమే. నిజమైనంత మాత్రాన అది ఎవరికీ సరిపోలేదు.

పద్మజ సెట్టును గడప మీద పెట్టి దాని ముందు కూర్చుంది. లేవమంటే లేవలేదు. వాకిట్లో లైటు వేశారు. తెర మీద గీత మళ్లీ నడవడం మొదలుపెట్టింది. గడప ముందు రెండడుగులు, వాకిట్లోకి వెనక్కి, అరుగు పక్కకు, మళ్లీ గడప దాకా. గడప దాటలేదు.

"బావా, చూడు. లోపలికి రాకుండా తిరుగుతా ఉండాడు."

"అది సిగ్నల్ పద్మా. నిలబెట్టినా అట్లనే గీస్తాది. మధ్యాహ్నం దుకాణంలో కూడా..."

"నేను రావాకు అన్నా గదా" అంది ఆమె, ఆయన మాట విననట్టే. "అందుకే వాకిట్లో తిరుగుతా ఉండాడు."

తెల్లారాక, రోశమ్మ ఎవరినీ అడగలేదు. పప్పు, చిక్కుడుకాయ కూర, ఫణికి ఇష్టమని సజ్జరొట్టె చేసింది. "మళ్లా పెడదాం. పోయినసారి పిలవాల్సినోళ్లు పిలవలేదు" అంది. పద్మజ తనకు చెప్పకపోయినా ఆ ముసలమ్మకు ఎక్కడో తెలుసేమో. పెద్దల్ని పిలవలేదు, ఊళ్లో చెప్పలేదు. నలుగురే కట్ట మీదికి పోయారు. ఆకు పరిచి వడ్డించి, పక్కన సెట్టు పెట్టారు.

తుమ్మచెట్టు మీద కాకులు వచ్చి కూర్చున్నాయి. మెడలు తిప్పి చూస్తున్నాయి. దిగలేదు.

పద్మజ ముందుకు పోయింది. ఆమె గొంతు చెరువు అవతలి గట్టు దాకా వినపడేట్టు వచ్చింది.

"రావాకు అన్నది నేనే. తప్పు దోవ చూపిచ్చింది కూడా నా గుర్తే. నువ్వు నా మాట ఇనకుండా వచ్చినావు, ఆ గుర్తు మాట ఇని ఆగిపోయినావు. రెండూ నావే. ఇప్పుడు నేనే పిలుస్తా ఉండా. ఎవరు ఏమనుకున్నా సరే, ఇంట్లోకి రా. తిని, రా."

చెప్పి పక్కకు వచ్చేసింది. ఒక కాకి కొమ్మ మీంచి దూకింది. ఆకు దగ్గరికి కాదు, సెట్టు దగ్గరికి. దాని చుట్టూ ఒకసారి తిరిగింది. తెర మీద ముక్కుతో ఒకసారి కొట్టింది. తర్వాత ఆకు దగ్గరికి పోయి సజ్జరొట్టె తుంచింది. దాని వెనక ఇంకోటి దిగింది, ఇంకోటి దిగింది.

రోశమ్మ మట్టిలో కూలబడి పెద్దగా ఏడ్చింది. అంతకు ముందు ఏడాది ఏడవాల్సిన ఏడుపు అది. మోషే తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు. పద్మజ ఏడవలేదు. చెంపల మీద నీళ్లు మాత్రం ఆగకుండా కారాయి.

ఇంటికి వచ్చి గడప ముందు ఆగింది. సెట్టు రెండు చేతుల్లో పట్టుకుంది. కుడికాలు ముందు పెట్టి, కొత్త మనిషిని తీసుకుపోతున్నట్టు మెల్లగా, గడప దాటి నడింట్లోకి పోయింది. తెర మీద గీత ఆమెతోపాటు గడప దాటింది. నడింట్లోకి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఇంక కదల్లేదు. ఎంతసేపు చూసినా కదల్లేదు.

"సూస్తివా బావా" అంది పద్మజ. ఆమె వెనకటి గొంతు రెండేళ్ల తర్వాత మళ్లీ విన్నాడు ఆయన. "లోపలికి వచ్చినాడు. ఇంక తిరగడంలేదు."

తర్వాత ఆమే అడిగి, ఆమే నొక్కింది. ప్రయాణం ఆపాలా? అవును.

రంగనాయకులు తల పైకెత్తి చూశాడు. వాళ్లది బండల మిద్దె. జానెడు మందం రాతి బండలు, పైన సున్నం, మట్టి. ఆ కప్పు కిందికి ఏ సిగ్నలూ దిగదు. సిగ్నల్ అందకపోతే సెట్టు గీత గీయదు, చివరి చుక్క దగ్గర నిలబడిపోతుంది. కొత్తగా పని నేర్చుకునేవాడికి కూడా తెలిసే సంగతి.

ఆ సంగతి ఆయన పద్మజకు చెప్పలేదు. మోషేకూ చెప్పలేదు. గిద్దలూరుకు ఒక్కడే తిరిగి పోతూ, దారి పొడుగునా, ఖాళీగా ఉన్న చొక్కా జేబు మీద చేయి పెట్టుకుని చూసుకుంటూనే ఉన్నాడు. అక్కడ ఇంకా వెచ్చగానే ఉంది.

ఇదీ కథ. చదివారు కదా, మీ దగ్గర ఉంచుకోవద్దు. మన మెట్ట ఊళ్ల నుంచి, మార్కాపురం నుంచి, కనిగిరి నుంచి, రేవుల్లో పనికి పోయిన పిల్లలు మీకు తెలిసినవాళ్లలో ఒక్కరైనా ఉంటారు. వాళ్లకు పంపండి. సెట్టులో ఇల్లు అని గుర్తు పెట్టుకుని ఉంటే, ఉంచుకోమనండి, తప్పులేదు. కానీ మంచు దిగితే నొక్కాల్సింది అది కాదని, ముందు మొగ దగ్గరికి రమ్మని, ఆ తర్వాత బస్సెక్కి ఇంటికి రమ్మని చెప్పండి. ఇంట్లోవాళ్లకు కూడా ఒక కాపీ పంపండి. కోపం వచ్చినా సరే, రావద్దు అనే మాట మాత్రం అనొద్దని.